చిన్న ఆసుపత్రిలో పోస్టింగ్ పడితే వెనకబడిపోతారా?

ప్రశ్న: మా అమ్మాయి మెడిసిన్ మూడో సంవత్సరం. క్లినికల్ పోస్టింగ్ ఒక చిన్న ఆసుపత్రిలో వేశారు. స్నేహితులకు పెద్ద ఆసుపత్రి వచ్చింది, పైగా వాళ్లంతా అప్పుడే పీజీ ఎంట్రన్స్ ఆన్‌లైన్ కోచింగ్‌లో చేరారు. ఈ పిల్లేమో రాత్రిళ్లు నవలలు చదువుతోంది. రెండు ఆసుపత్రుల్లో ఏది మేలు? కోచింగ్‌లో ఇప్పుడే చేర్పించమంటారా?

జవాబు: అమ్మా, మీ అమ్మాయి దారి తప్పలేదు. ముందు ఆ భయం వదిలేయండి.

పెద్ద ఆసుపత్రిలో అరుదైన కేసులు, స్పెషలిస్టులు ఉంటారు, నిజమే. కానీ మంచం చుట్టూ పీజీలు, హౌస్ సర్జన్లు నిలబడ్డాక మూడో ఏడాది పిల్లలకు మిగిలేది వెనక వరుసే. చిన్నచోట డ్యూటీ డాక్టర్ ‘నువ్వెళ్లి హిస్టరీ తీసుకురా’ అని, అంటే పేషెంట్‌ను జబ్బు వివరాలన్నీ అడిగి తెలుసుకురమ్మని పంపిస్తారు. దగ్గు, ఆయాసం, షుగర్, బీపీ... రేపు డాక్టరయ్యాక రోజూ ఎదురయ్యేవి ఇవే కదా! ఛాతీని వేలితో తట్టి చూసే పద్ధతినే తీసుకోండి. ఔయెన్‌బ్రుగర్ అనే వైద్యుడు 1761లో వియన్నాలో ప్రచురించిన పద్ధతి అది. గాలి ఉన్నచోట బోలుగా మోగుతుంది, ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరినచోట రాతిమీద కొట్టినట్టు మొద్దుగా పలుకుతుంది. ఆ తేడా వేలికి పట్టుబడాలంటే ఎదురుగా పేషెంట్ ఉండాలి, పక్కన సరిదిద్దే సీనియర్ ఉండాలి. అందుకే మీ అమ్మాయిని ఒక్కటే అడగండి: తను చూసిన కేసు విని, తప్పులు చెప్పేవాళ్లు అక్కడ ఉన్నారా? ఉంటే ఆసుపత్రి సైజు గురించి బెంగ వద్దు.

మూడో ఏడాదిలోనే కోచింగ్ అంటే మాత్రం నాకు గట్టి అనుమానాలున్నాయి. వార్డు ఎగ్గొట్టి హాస్టల్ గదిలో వీడియోలు చూసే పిల్లలు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. ఆప్షన్లలోంచి జవాబు ఏరడం వాళ్లకు బాగా వచ్చు. పేషెంట్ తన బాధ తన మాటల్లో చెబుతుంటే మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. అక్కడ ఎవరూ నాలుగు ఆప్షన్లు ఇవ్వరు. వార్డులో చూసిన జబ్బు గురించి ఆ సాయంత్రమే టెక్స్ట్‌బుక్ తెరిచి చదివితే ఎంట్రన్స్‌కు కూడా పునాది పడుతుంది. కోచింగ్ సంగతి చివరి ఏడాదిలో, అదీ తనే అడిగితే చూద్దాం. ఒక మాట సూటిగా చెబుతాను, ఏమీ అనుకోకండి. తన స్నేహితులు చేరారని మీకు కలిగిన కంగారుకు మందు మీ అమ్మాయి చేత తాగించకండి.

ఇక నవలలు. విద్యార్థులను పేషెంట్ల మంచం దగ్గరికి తీసుకెళ్లి పాఠం చెప్పడంలో పేరుపొందిన విలియం ఆస్లర్, నిద్రకు ముందు అరగంట సాహిత్యం చదవమని వాళ్లకు చెప్పేవారు. పది పుస్తకాల జాబితా కూడా ఇచ్చారు. రోజంతా నొప్పి, ఏడుపు, ఒక్కోసారి చావు చూసొచ్చిన పిల్లకు ఆ అరగంట కావాలమ్మా. దయచేసి దాన్ని లాక్కోకండి.

నిద్ర పట్టక, వార్డుకు వెళ్లడానికి వంకలు చెబుతూ, ఇష్టమైన పుస్తకం కూడా ముట్టకుండా రోజుల తరబడి ఉంటే అప్పుడు కంగారుపడండి. వెంటనే తనతో మాట్లాడి, కాలేజీ మెంటర్‌ను, అవసరమైతే మానసిక వైద్యుణ్ని కలిసేలా చూడండి.