యాప్‌లో రాసుకుంటే వీణ కూతురికి చెందుతుందా?

ప్రశ్న: నాకు 68 ఏళ్లు. రాజమహేంద్రవరంలో ఒక్కదాన్నే ఉంటున్నాను. పెద్దమ్మాయి డాలస్‌లో, చిన్నమ్మాయి హైదరాబాద్‌లో. ఇల్లు, డిపాజిట్ల సంగతి వీలునామాలో రాసేశాను. మా అత్తగారి కాసులపేరు, నా బొబ్బిలి వీణ, పోయిన మావారి గొంతు రికార్డింగులు ఎవరికి ఏవో ఫొటోలతో సహా ఒక యాప్‌లో పెట్టాను. అది చాలుతుందా?

జవాబు: చాలదండీ. 2000 నాటి ఐటీ చట్టం ఎలక్ట్రానిక్ పత్రాలకు గుర్తింపునిస్తూనే వీలునామాను మాత్రం పక్కన పెట్టింది. ఓటీపీ కొట్టినా, డిజిటల్ సంతకం చేసినా అది వీలునామా కాదు. కాగితం మీద మీ సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు పడాల్సిందే. స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ మీ ఇష్టం.

అలాగని మీ శ్రమ వృథా కాదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం 64వ సెక్షన్ ప్రకారం, అప్పటికే రాసి ఉన్న మరో పత్రాన్ని వీలునామాలో ప్రస్తావిస్తే అదీ అందులో భాగమే. ‘అప్పటికే’ అన్న మాట దగ్గరే చాలామంది జారిపడతారు. యాప్‌లో జాబితా రోజుకోలా మారుతుంది; సంతకాలయ్యాక మార్చింది లెక్కలోకి రాదు. అందుకే జాబితా ప్రింటు తీసి, ప్రతి పేజీ మీదా తేదీ వేసి సంతకం చేయండి. తర్వాత వీలునామాకు అనుబంధం రాసి (కోడిసిల్ అంటారు) అందులో ఫలానా తేదీ జాబితా అని పేర్కొనండి. దానికీ ఇద్దరు సాక్షులు కావాలి. కూతుళ్లను, అల్లుళ్లను పెట్టకండి, పక్కింటివాళ్లు నయం.

‘కాసులపేరు పెద్దమ్మాయికి’ అని వదిలేస్తే రేపు పేచీ వస్తుంది. ఎన్ని కాసులు, ఎన్ని గ్రాములు, కొక్కెం ఎప్పుడైనా మార్పించారా, ఏ లాకర్లో ఉంది, అన్నీ రాయండి. యాప్ అక్కరకొచ్చేది ఇక్కడే: తూకంలో పెట్టి తీసిన ఫొటో ఒక్కటి ఉంటే నాలుగు పేరాలు మిగులుతాయి. అన్నట్టు, లాకరుకు నామినీ అయినంత మాత్రాన లోపలి నగ ఆ అమ్మాయిది అయిపోదు.

అన్నిటికన్నా తొందర రికార్డింగుల విషయంలో. అవి మీవారి గూగుల్ ఖాతాలోనే ఉండిపోయాయా? రెండేళ్లు ఎవరూ వాడని ఖాతాను గూగుల్ తీసేయవచ్చు. ఈ వారమే రెండు పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కించి, చెరో అమ్మాయికీ ఒకటివ్వండి. గొంతుకి వాటాలెందుకు, ఇద్దరూ వింటారు. మీ ఖాతాలో ‘ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్’ తెరిచి పిల్లల పేర్లు పెట్టండి. 3 నుంచి 18 నెలల్లో మీరు ఎంచుకున్న గడువు దాటాక, మీరు అనుమతించినవి వాళ్లకు అందుతాయి. పాస్‌వర్డులు మాత్రం వీలునామాలో రాయొద్దు, ఆ కాగితం తర్వాత ఎన్ని చేతులు మారుతుందో!

వీణకైతే నన్నడిగితే వీలునామా దాకా వద్దు. ఇద్దరిలో వాయించే అమ్మాయి ఎవరో మీకు తెలుసు కదా, ఈ సంక్రాంతికి వచ్చినప్పుడు చేతికిచ్చేయండి. చరాస్తిని చేతికి అందిస్తే దానం పూర్తయినట్టే, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కన్నపిల్లలకు కానుకంటే ఆదాయపు పన్నూ ఉండదు. అది ఇచ్చాక, మిగిలిన వాటితో జాబితా ప్రింటు తీయండి.