తోట సందేహాలు: పీస్ లిల్లీ ఎందుకు తల వాల్చేస్తోంది?

ప్రశ్న: హాల్లో పెట్టుకున్న పీస్ లిల్లీ ఆకులు పదిహేను రోజులుగా వేలాడిపోతున్నాయి. వాలినప్పుడల్లా ఒక గ్లాసు నీళ్లు పోస్తున్నాను. మొదట్లో సాయంత్రానికి లేచి నిలబడేది, ఇప్పుడు లేవడం లేదు. కింది ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. నీళ్లు ఇంకా పెంచాలా?
– ఒక పాఠకురాలు, మియాపూర్, హైదరాబాద్

జవాబు: పెంచకండి. ఈ రోజు నుంచే నీళ్లు ఆపేయండి. మీరు రాసినదాన్ని బట్టి ఇది దాహం కాదు, లోపల వేళ్లు కుళ్లుతున్నాయి.

ఈ మొక్కతో వచ్చే చిక్కే ఇది. నీళ్లు చాలకపోయినా, ఎక్కువైనా ఒకేలా వాలుతుంది. ఆకు కాడ నిటారుగా నిలబడేది దాని కణాలు నీటితో బిగువుగా ఉన్నంతసేపే. మట్టి ఎండిపోతే ఆ బిగువు సడలుతుందని అందరికీ తెలుసు. మట్టి ఎప్పుడూ చిత్తడిగా ఉన్నా జరిగేది అదే. మట్టి సందుల్లోని గాలిని నీరు బయటికి నెట్టేస్తుంది, ఊపిరాడక వేళ్లు చచ్చిపోతాయి, చచ్చిన వేరు నీటిని పీల్చలేదు. చుట్టూ నీళ్లున్నా మొక్క దాహంతోనే వాడిపోతుంది. వాలింది కదా అని మనం మరో గ్లాసు పోస్తాం. మిగిలిన నాలుగు వేళ్లూ దాంతో పోతాయి.

అందుకే ఆకును చూసి కాదు, మట్టిని చూసి నీళ్లు పోయాలి. వేలు రెండో కణుపు దాకా మట్టిలోకి దించండి. తర్వాత కుండీని చేత్తో ఎత్తి చూడండి. కుండీ తేలిగ్గా ఉండి, మట్టి అంచుల దగ్గర కుండీని వదిలేసి లోపలికి ముడుచుకుపోతే అది దాహమే. నీళ్లు పోసిన కొన్ని గంటల్లో మొక్క లేస్తుంది. కుండీ బరువుగా ఉండి, మట్టి తడిగా, ముక్కవాసన వేస్తుంటే, పైన చిన్న నల్ల దోమలు ముసురుతుంటే అది కుళ్లు.

మీ మొక్కను ఇంకా బతికించుకోవచ్చు. కుండీ బోర్లించి మొక్కను మెల్లగా బయటికి తీయండి. వేళ్లను కుళాయి కింద కడగండి. తెల్లగా, గట్టిగా ఉన్నవి మంచి వేళ్లు. గోధుమ రంగులో మెత్తగా ఉండి, పట్టి లాగితే పైతోలు ఊడివచ్చి దారంలాంటి పోగు మిగిలేవి కుళ్లినవి. స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో వాటిని పూర్తిగా కత్తిరించండి. వేళ్లు సగం పోతే ఆకులు కూడా మూడో వంతు తీసేయాలి. మనసొప్పదు, నిజమే. కానీ మిగిలిన వేళ్లు అన్ని ఆకులకు నీరు అందించలేవు. పసుపు ఆకులతో మొదలుపెట్టి కాడ మొదట్లోకి కోయండి. కోసిన ఆకులు పసిపిల్లలకు, పిల్లికి, కుక్కకు అందనివ్వకండి. ఇది చేమ, కంద కుటుంబం మొక్క. నమిలితే పచ్చి చేమలాగే నోరూ నాలుకా మండుతాయి.

తిరిగి నాటడానికి పాత మట్టి వాడొద్దు. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) రెండు పాళ్లు, వర్మీకంపోస్టు (వానపాముల ఎరువు) ఒక పాలు, పెర్లైట్ (తేలికైన తెల్లటి గుల్లరాతి పలుకులు) ఒక పాలు కలపండి. పెర్లైట్ దొరక్కపోతే కడిగిన ముతక ఇసుక వేయండి. మిగిలిన వేళ్లు పట్టేంత చిన్న కుండీ చాలు. పెద్ద కుండీలో వేళ్లు చేరని మట్టి ఎండదు, కుళ్లు మళ్లీ మొదలవుతుంది. కుండీ అడుగున గులకరాళ్లు పరిస్తే నీరు బాగా జారుతుందని చాలామంది నమ్ముతారు, అది పొరపాటు. మెత్తటి మట్టిలోని నీరు రాళ్ల దాకా వచ్చి అక్కడే ఆగిపోతుంది, తడి పొర వేళ్లకు మరింత దగ్గరవుతుంది. రంధ్రం మీద ఒక పెంకు ముక్క పెడితే సరిపోతుంది.

నాటాక ఒక్కసారి నీళ్లు పోసి, కిటికీకి నాలుగైదు అడుగుల దూరంలో, ఎండ నేరుగా తగలని వెలుగులో ఉంచండి. ఆ తర్వాత పైనుంచి ఒక అంగుళం ఎండితేనే నీళ్లు. ఆరు వారాల దాకా ఎరువు వద్దు. వాలిన పాత ఆకులు కొన్ని ఎప్పటికీ లేవకపోవచ్చు. వాటికోసం చూడకండి, మొదట్లోంచి చుట్టుకుని వచ్చే కొత్త ఆకు కోసం చూడండి. అది వచ్చిందంటే వేళ్లు పట్టుకున్నట్టే.

ఇంకో మాట. మీ కుండీని రంధ్రం లేని పింగాణీ కుండీలో దించి పెట్టారేమో చూసుకోండి. అడుగున నిలిచిన నీరు పైకి కనబడదు. నీళ్లు పోసిన అరగంటకు అందులోదీ, పళ్లెంలోదీ తప్పకుండా పారబోయాలి.

ప్రశ్న: కడియం నర్సరీ నుంచి తెచ్చిన పీస్ లిల్లీకి రోజూ నీళ్లు పోస్తున్నాం. పోసిన వెంటనే అడుగు నుంచి కారిపోతున్నాయి. అయినా మధ్యాహ్నం రెండింటికల్లా మొక్క సొమ్మసిల్లుతోంది.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: నీళ్లు కారుతున్నాయి గానీ వేళ్లకు చేరడం లేదు. నర్సరీ మొక్కలు చాలా వరకు గట్టి ఎర్రమట్టి ముద్దలో వస్తాయి. మనం దాని చుట్టూ గుల్ల మట్టి నింపి నాటుతాం. పోసిన నీరు ఆ గుల్ల మట్టిలోంచి దిగిపోతుంది, నడిమి ముద్ద ఎండిన ఇటుకలా మిగిలిపోతుంది. వెదురు పుల్ల ఒకటి నడిమధ్యకు గుచ్చి తీసి చూడండి, పొడిగా వస్తే సంగతి ఇదే.

టబ్బులో మూడు నాలుగు అంగుళాల నీరు పోసి కుండీని అందులో నలభై నిమిషాలు ఉంచండి. పైమట్టి తడి తేలాక తీసి, కారేదంతా కారనివ్వండి. ఇది ఇప్పటికి గండం గట్టెక్కించే పని మాత్రమే. వానలు పడి ఎండ తగ్గాక మొక్కను తీసి, తడిపిన ముద్దను పుల్లతో వదులు చేసి, ఎర్రమట్టిలో మూడో వంతు రాల్చి, పైన చెప్పిన మిశ్రమంలో నాటండి. నాటిన వారం పది రోజులు కాస్త వాలడం మామూలే. మే నెలలో మాత్రం వేళ్లు కదపకండి. వడగాలి తగిలే బాల్కనీలోంచి లోపలికి తెచ్చి, ఏసీ గాలి సూటిగా కొట్టని మూలన పెట్టండి.

ప్రశ్న: బోరు నీళ్లే పోస్తున్నాం. ఆకుల చివర్లు మాడుతున్నాయి, మొక్క నీరసంగా ఉంది. మట్టి మీద తెల్లటి పొర కడుతోంది.
– ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: ఆ తెల్ల పొర ఉప్పు. నీటిలోని లవణాలూ, ఎక్కువైన ఎరువూ మట్టిలో పేరుకుంటే వేళ్లు నీటిని లాగలేవు, మట్టి తడిగా ఉన్నా ఆకు వాలుతుంది. మీ జిల్లా భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి మీకు తెలిసిందే. పీస్ లిల్లీ చివర్లు దానికి తొందరగా మాడతాయి. నీటిని రాత్రంతా తెరిచి ఉంచితే క్లోరిన్ పోతుంది గానీ ఫ్లోరైడ్ పోదు. మరిగిస్తే ఇంకా చిక్కబడుతుంది.

పైపొర అర అంగుళం గీకి తీసేయండి. 8 అంగుళాల కుండీకి దాదాపు 10 లీటర్ల వాన నీరు నెమ్మదిగా పోసి అడుగు నుంచి పోనివ్వండి. ఆ తర్వాత కూడా వాన నీరు గానీ, ఏసీ పైపు నుంచి కారే నీరు గానీ పట్టి వాడండి. ఆర్‌వో యంత్రం బయటికి వదిలే నీరు మాత్రం పోయొద్దు, లవణాలన్నీ అందులోకే చేరతాయి. 19-19-19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండేది) వాడుతుంటే రెండు నెలలు మానేసి, తర్వాత లీటరుకు అర గ్రాము చొప్పున నెలకొకసారి, అదీ మట్టి తడిగా ఉన్నప్పుడే ఇవ్వండి.

ప్రశ్న: మా ఇంట్లో పెంచుకునే మరాంటా మొక్క ఆకులు పగలు కిందికి వాలి, రాత్రి పైకి లేస్తున్నాయి. జబ్బా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: జబ్బేం కాదు. రాత్రి చింతాకు ముడుచుకున్నట్టే ఇదీ. కాడ చివర ఉబ్బెత్తు కీలులోకి నీరు చేరుతూ, తగ్గుతూ ఆకును కదిలిస్తుంది. రాత్రి కూడా లేవకుండా, అంచులు చుట్టలు చుట్టుకుపోతే అప్పుడు మట్టి తడి చూడండి.

ప్రశ్న: వేసవిలో బాగున్న పీస్ లిల్లీ జనవరిలో వాలిపోయింది. హీటరు నడుస్తోంది, నీళ్లు వారానికి రెండుసార్లు మామూలుగానే పోస్తున్నాను.
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: ఆ ‘మామూలు’ వేసవి లెక్క. చలికాలంలో పగలు చిన్నవి, మొక్క ఎదుగుదల తక్కువ, అంత నీరు తాగదు. మట్టి చూసి పోస్తే పది పన్నెండు రోజులకొకసారి సరిపోవచ్చు. ఫ్రిజ్ నీళ్లు కాకుండా గోరువెచ్చనివి పోయండి. గది 18 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకుండా చూసుకోండి. ఆకులు కిటికీ అద్దానికి ఆనితే ఆ చలికే నల్లబడి వాలతాయి, ఒక అడుగు ఇవతలికి జరపండి. హీటరు గాలి వచ్చే జాలీకి మాత్రం ఎదురుగా పెట్టకండి.