వీడియో సందేహాలు: జుట్టు చుట్టూ ఆకుపచ్చ అంచు

ప్రశ్న: మాది విశాఖ ఎంవీపీ కాలనీ. పదీ పన్నెండు అడుగుల గదిలో ఇంటర్ లెక్కల పాఠాలు ఫోన్‌తో తీస్తున్నాను. గోడకు ఆకుపచ్చ గుడ్డ కట్టి, దానికి ఆనుకున్నట్టే కూర్చుంటాను. బ్యాక్‌గ్రౌండ్ మార్చాక జుట్టు చుట్టూ ఆకుపచ్చ అంచు కనిపిస్తోంది, చెవులకూ ఆ రంగే. వీడియోలో గీతలు కూడా పాకుతున్నాయి. ఎడిటింగ్‌లో ఎంత తిప్పినా పోవట్లేదు.

జవాబు: ముందు కుర్చీ జరపండి. గుడ్డ మీద పడ్డ వెలుతురు ఆ రంగు పులుముకుని మీ చెవుల మీదా జుట్టు మీదా పడుతోంది. గది పొడవు వైపు వాడుకోండి: గుడ్డకూ మీకూ 5 అడుగులు, మీకూ ఫోన్‌కూ మరో 5. గుడ్డ ఫ్రేమంతా నిండక్కర్లేదు. చేతులు ఆడినంత మేర మీ వెనక ఉంటే చాలు, మిగతాది ఎడిటింగ్‌లో మీ చుట్టూ గీత (మాస్క్) గీసి కోసేయొచ్చు.

గుడ్డకు లైట్లు వేరు, ముఖానికి వేరు. గుడ్డకు రెండు పక్కలా, రెండు మూడు అడుగులు ముందుగా, 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబులు నిలువుగా పెట్టి, ఒక్కోదాన్ని అవతలి అంచు వైపు తిప్పండి. ఆ వెలుగు మీ మీద పడకుండా నల్ల అట్ట అడ్డం పెట్టండి. ఓ ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. గుడ్డంతా ఒకే బూడిద రంగులో కనబడాలి. అంచులు తెల్లగా, మధ్య నల్లగా ఉంటే ట్యూబులు గుడ్డకు మరీ దగ్గరగా ఉన్నట్టు. వెలుగు మరీ ఎక్కువైనా ముప్పే, ఆకుపచ్చ పాలిపోయి సాఫ్ట్‌వేర్‌కు చిక్కదు. కిటికీ మూసేయండి. సముద్రం మీంచి ఓ మబ్బు వచ్చిపోతే చాలు, లెక్కంతా మారిపోతుంది.

గీతలకు కారణం కరెంటు. మనది 50 హెర్ట్జ్, చవక ఎల్ఈడీ వెలుగు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. ఫోన్ ప్రో మోడ్‌లో సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుగు పట్టే సమయం) సెకనులో 1/50 వంతు పెట్టి, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ లాక్ చేయండి. బ్యూటీ ఫిల్టర్ తీసేయండి, అది వెంట్రుకల అంచుల్ని చెరిపేస్తుంది. 4కెలో తీసి 1080లో ఎక్స్‌పోర్ట్ చేయండి. మామూలు ఫోన్ వీడియోలో నాలుగు పిక్సెళ్లకు ఒక్క రంగు సమాచారమే ఉంటుంది, అందుకే అంచులు మెట్లుమెట్లుగా వస్తాయి. 4కెని కుదిస్తే ప్రతి పిక్సెల్‌కూ దాని రంగు దక్కుతుంది.

ఇవన్నీ అయ్యాకే ఎడిటింగ్. కీయర్‌లో (ఆకుపచ్చను తీసేసే టూల్) మాట్ చూపించే వ్యూ తెరిచి (అందులో ఉంచేది తెల్లగా, తీసేసేది నల్లగా కనిపిస్తుంది), వెనక బూడిద మచ్చలు నల్లబడేదాకా లో థ్రెషోల్డ్ పెంచండి, మీ ఒంటిలోని మచ్చలు తెల్లబడేదాకా హై తగ్గించండి. అక్కడ ఆగిపోవాలి. ఇంకా లాగితే ముందు పోయేది జుట్టే.

ప్రశ్న: గాజువాకలో చీరలు లైవ్‌లో అమ్ముతాను. ఆకుపచ్చ అంచు చీర పట్టుకుంటే అంచు మాయమై వెనక బొమ్మ కనిపిస్తోంది!

జవాబు: ఆ చీరలకు నీలం గుడ్డ వాడండి, ఓబీఎస్‌లో (లైవ్ ప్రసారం చేసే సాఫ్ట్‌వేర్) కీ రంగు, అంటే తీసేయాల్సిన రంగు కూడా నీలానికి మార్చండి. కెమెరా సెన్సర్‌లో సగం చుక్కలు ఆకుపచ్చవి, నీలానివి పావు వంతే. కాబట్టి నీలం గుడ్డకు వెలుగు కాస్త ఎక్కువ కావాలి, లేకపోతే నలుసులు వస్తాయి. చిలకపచ్చా నెమలికంఠం నీలం కలిసిన చీరకు ఏ గుడ్డా పనికిరాదు. దాన్ని మామూలు గోడ ముందే చూపించండి. అసలు చీరల లైవ్‌కు గోడే మంచిదని మా అభిప్రాయం. జరీ మీద గుడ్డ రంగు తేలితే కొనేవాళ్లకు చీర అసలు రంగు తెలియదు.

ప్రశ్న: గుడ్డ ముడతలు ఎంతకీ పోవట్లేదు. ఫ్యాను వేస్తే ఊగుతోంది, ఆపితే చెమట. (మధురవాడ)

జవాబు: మడత పెట్టకండి, పీవీసీ పైపుకు చుట్టి ఉంచండి. కింది అంచులో ఇంకో పైపు దూర్చి, పక్కల్ని క్లిప్పులతో లాగి కట్టండి. సీలింగ్ ఫ్యాను ఆపి, టేబుల్ ఫ్యాను మీ మోకాళ్ల వైపు పెట్టండి. మైకుకు దూరంగా ఉండాలి సుమా. చెమట మెరుపు మీదా గుడ్డ రంగు తేలుతుంది, టేక్‌కీ టేక్‌కీ మధ్య టిష్యూతో అద్దుకోండి.