కారు తీసుకెళ్లడమే తప్పయిందా?

ప్రశ్న: నాకు ఇరవై ఏళ్లు. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. నాన్నకి రైసు మిల్లు, బట్టల షాపు ఉన్నాయి. ఇల్లు కంటోన్మెంట్‌లో. ఏడాది కిందట మూడు లాంతర్ల దగ్గర టీ తాగుతుంటే, మూసేసిన కొట్టు అరుగు మీద ఒక తాత సుద్దముక్కతో గీసుకుని ఒక్కడే పులి–మేక ఆడుకుంటున్నాడు. ఎదురుగా కూర్చున్నాను, ఓడిపోయాను. అప్పటినుంచి వారంలో నాలుగు రోజులైనా వెళ్తున్నాను. ఒకప్పుడు జూట్ మిల్లులో చేశాడట. అది మూతబడ్డాక కూలి పనులు, భార్య పోయాక ఈ వీధి. పొద్దున్నే టిఫిన్ బండి దగ్గర గిన్నెలు తోముతాడు. కొడుకు విశాఖలో ఉన్నాడు, ఆ మాట ఎత్తితే లేచి వెళ్లిపోతాడు. చలికాలంలో దుప్పటి ఇస్తే తీసుకున్నాడు. ఫోన్ కొనిస్తే ‘ఇదేల బావూ, నాకెవులు సేస్తారు’ అని తిరిగిచ్చేశాడు. రెండు నెలలుగా దగ్గుతున్నాడు. అందుకే ఊరి బయట ఒక వృద్ధాశ్రమంలో మాట్లాడి, డబ్బు కట్టి, సర్‌ప్రైజ్ ఇద్దామని కారు తీసుకెళ్లాను. రాలేదు. ‘నాను నీకు బరువైపోనానేటి బావూ’ అన్నాడు. అదే వారం నాన్న మా డ్రైవరుతో అయిదొందలు పంపి, మా అబ్బాయితో మాట్లాడొద్దని చెప్పించారట. డబ్బు తీసుకోలేదని డ్రైవరు చెప్పాడు. మర్నాటి నుంచి తాత అక్కడ లేడు. ఇరవై రోజులకి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర కనిపించి మొహం తిప్పుకున్నాడు. రోగాలు అంటుకుంటాయని అమ్మ ఏడుస్తోంది. అడుక్కునేవాడితో స్నేహమేంటి, పరువు పోతోంది అని నాన్న. ఈ టెన్షన్‌లో రెండు సబ్జెక్టులు పోయాయి. నేను చేసిన తప్పేంటి? ఆయన్ని ఎలా ఒప్పించాలి?
— పేరు వద్దు, విజయనగరం

జవాబు: మా చిన్నవాడి ఈడువాడివి కాబట్టి ‘నువ్వు’ అనే రాస్తాను.

నీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు నేనూ కారు దగ్గరే ఆగాను. రెండోసారి డ్రైవరు దగ్గర ఆగాను. ఆ సంగతి నువ్వు గబగబా చెప్పి దాటేశావు. ఒకే వారంలో మీ ఇంటి నుంచి ఆయన దగ్గరికి ఇద్దరు వచ్చారు. ఒకరు ‘కారెక్కు’ అన్నారు, ఇంకొకరు ‘తప్పుకో’ అన్నారు. నీది ప్రేమ, మీ నాన్నగారిది కోపం, కాదనను. కానీ అరుగు మీద కూర్చున్న మనిషికి రెండూ ఒకే గేటులోంచి వచ్చాయి. ఆయన ఎక్కడ ఉండాలో ఆయన్ని అడక్కుండా మీ ఇంట్లోనే తేల్చేశారు.

ఆయన మొహం ఎందుకు తిప్పుకున్నాడో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. ఊహ మాత్రం ఉంది. అయిదొందలు వద్దన్న మనిషి స్నేహాన్ని అమ్ముకోలేదు. అలాగని ఉన్నచోట ఉండిపోనూ లేదు. తన వల్ల ఒక ఇంట్లో తండ్రీకొడుకులు తగువు పడకూడదనుకుని ఉంటాడు. తండ్రికీ కొడుక్కీ చెడితే ఎలా ఉంటుందో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు కదా.

ఇక నీ తప్పు. దుప్పటి తీసుకున్నాడు, ఫోన్ తిరిగిచ్చాడు, ఆశ్రమం వద్దన్నాడు. ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూడు. చలి ఆయనకి ఉంది, అది నీకూ కనిపించింది. ఫోన్ అవసరం నీది. తాత లేనప్పుడు ఎక్కడున్నాడో తెలియాలన్న నీ ఆదుర్దా అది. పైగా వీధిలో పడుకునేవాడి జేబులో ఫోన్ ఉంటే ఆ రాత్రి నిద్ర ఉండదు. ఆశ్రమానికి గేటు ఉంటుంది, బయటికెళ్లాలంటే చెప్పి వెళ్లాలి, పొద్దున్నే టిఫిన్ బండి దగ్గరికి వెళ్లడం కుదరదు. ఇవాళ ఆయన పని చేసి తినే మనిషి. అక్కడికెళ్తే ఎవరో తెచ్చి దింపిన ముసలాయన. ఏడాదిగా నిన్ను ఓడిస్తున్న మనిషిని లేపి కారు వెనక సీట్లో కూర్చోబెట్టబోయావు బాబూ. బరువైపోయానా అని ఆయన అడిగింది అందుకే.

శ్రీకాకుళంలో మా ఇంటికి వీధి అరుగు ఉండేది. రాత్రి ఎవరో వచ్చి పడుకునేవారు. మా అమ్మ వాకిట్లో కళ్ళాపి చల్లేలోగా లేచి వెళ్లిపోయేవారు. ఎవరని అడిగిన గుర్తు లేదు. ఇప్పుడా ఇంటికి గ్రిల్స్ పెట్టారు, నేనే పెట్టించాను. అందుకని నీకు పెద్ద పెద్ద మాటలు చెప్పే హక్కు నాకు అంతగా లేదు.

ఎలా ఒప్పించాలి అన్నావు. ఆ మాట వదిలేయ్. ఈసారి ఖాళీ చేతులతో వెళ్లు. జనం మధ్యలో కాకుండా ఆయన పని అయ్యాక వెళ్లు. ‘అడక్కుండా కారు తెచ్చాను తాతా, తప్పయిపోయింది. డ్రైవరు చెప్పిన మాట నాది కాదు.’ ఇంతే. ఎందుకు తెచ్చావో, ఎంత కట్టావో వివరించకు. వివరించావంటే ఆయనే నిన్ను ఓదార్చాల్సి వస్తుంది. ‘నన్నొగ్గేయి బావూ’ అంటే లేచి వచ్చేయ్. వారం ఆగి ఇంకొక్కసారి వెళ్లు. అప్పుడూ వద్దంటే అది ఆయన నిర్ణయం. నిన్ను వద్దనే స్వేచ్ఛ లేకపోతే ఆయన నీతో కూర్చున్న ఏడాదికీ విలువ లేదు.

దగ్గు విషయంలో మాత్రం అలా ఊరుకోకు. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికున్నా తెమడ పరీక్ష చేయించాలి. ఈయనది రెండు నెలలు. పెద్దాసుపత్రిలో ఆ పరీక్ష ఉచితం. క్షయ అని తేలితే మందులూ ఉచితమే, మామూలుగా ఆరు నెలలు వాడాలి. ఇక్కడ మీ అమ్మగారి భయం సగం నిజం. క్షయ టీ గ్లాసు వల్ల రాదు, పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నా రాదు. దగ్గినప్పుడు గాలిలోంచి వస్తుంది. మూసేసిన గదిలో ఎక్కువ, ఆరుబయట చాలా తక్కువ. ఈ మాట అమ్మకి చెప్పు. తాతకి కూడా దాచకుండా చెప్పు: ‘మా అమ్మ భయపడుతోంది, ఇద్దరం వెళ్లి చూపించుకుందాం’ అని. కారులో కాదు, ఆటోలో. ఆటో డబ్బులు ఆయన ఇస్తానంటే ఇవ్వనివ్వు.

పింఛను సంగతి నువ్వు అడగలేదు, రేపో మాపో అడుగుతావు. అరవై దాటిన అర్హులకి ఇప్పుడు నెలకి 4,000 రూపాయలు వస్తోంది. ఆధార్, రేషన్ కార్డు లాంటి కాగితాలు పట్టుకుని వార్డు సచివాలయంలో అడగాలి. అసలు చిక్కు ఆ కాగితాలే. నాకు ఇంకొకటి తట్టింది. మిల్లులో ఎన్నేళ్లు చేశాడు? పీఎఫ్ కోసేవారా? 1995 నాటి ఉద్యోగుల పెన్షన్ పథకం కింద పదేళ్ల సర్వీసు ఉంటే 58 ఏళ్లు నిండాక పెన్షన్‌కి హక్కు ఉంటుంది. కనీసం నెలకి 1,000 రూపాయలు. చిన్న మొత్తమే, కానీ ఎవరూ ఇచ్చింది కాదు, ఆయన చెమట సొమ్ము. మిల్లు కబుర్లు చెప్పేటప్పుడు పాత పీఎఫ్ చీటీ ఏదైనా ఉందా అని అడిగి చూడు. ఉందంటే పీఎఫ్ ఆఫీసు పనులు తిరగడానికి కుర్ర కాళ్లు కావాలి, అక్కడ నువ్వు పనికొస్తావు. అప్పుడు కూడా సంతకం ఆయనది, నిర్ణయం ఆయనది.

తల్లిదండ్రుల్ని చూడని పిల్లల మీద 2007 నాటి చట్టం ఉంది, ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది. నీకెవరైనా స్నేహితుడు ఈ సలహా ఇస్తాడని ముందే చెబుతున్నాను. ఆయన నోటితో అడిగితే తప్ప విశాఖ వైపు చూడకు.

ఆశ్రమం వద్దన్నాడంటే పైకప్పే వద్దన్నాడని కాదు. పట్టణాల్లో నిరాశ్రయులకి రాత్రి బస ఇచ్చే వసతి గృహాలు ఉండాలి, లక్ష జనాభాకి కనీసం వందమందికి చోటు చొప్పున. విజయనగరం జనాభా 2011 లెక్కల్లోనే రెండు లక్షలు దాటింది. మున్సిపల్ ఆఫీసులో అడిగి అలాంటి బస ఎక్కడుందో ముందే చూసి పెట్టుకో. రాత్రికి పడుకుని పొద్దున్నే పనికి పోయే చోటంటే ఆయన వినొచ్చు. మన వైపు అక్టోబరు ఎలా ఉంటుందో తెలుసుగా, 2014లో హుద్‌హుద్ తుపాను, 2018లో తిత్లీ. అలాంటి రాత్రి మాత్రం మొహమాటం లేకుండా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లు. తిడితే పడు.

ఇంట్లో నాన్నతో గొడవ పెట్టుకోకు. ఆయన ‘అడుక్కునేవాడు’ అన్నారు, నువ్వు గిన్నెలు తోముతాడని రాశావు. ముందు ఆ తేడా నెమ్మదిగా చెప్పు. ఆయనకి పాత పాటలు ఇష్టమైతే ఇంకో మాట కూడా చెప్పొచ్చు. 1930ల్లో ఇదే ఊళ్లో ఒక కుర్రాడు ఉండడానికి ఇల్లు లేక గుడిలో తలదాచుకుని, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర సంగీతం నేర్చుకుంటూ, జోలె పట్టుకుని వీధుల్లో మధుకరం చేసుకుని తిన్నాడు. ఆయన ఘంటసాల. అయితే ఈ కథని ఎక్కువ సాగదీయకు. ఆ రోజు అన్నం పెట్టిన ఇల్లాళ్లకి ఆ కుర్రాడు ఘంటసాల అవుతాడని తెలీదు, ఆకలి మాత్రం తెలుసు. మీ తాత ఏమీ కానక్కర్లేదు, పులి–మేక బాగా ఆడితే చాలు.

డ్రైవరుని పంపడం తప్పని నాన్నకి ఒక్కసారి, గొంతు పెంచకుండా, అమ్మ ముందు చెప్పు. ఒప్పుకుంటారని ఆశపడకు. తాత మళ్లీ మూడు లాంతర్ల దగ్గరికి వస్తే, కుదిరితే అమ్మని ఒకరోజు గుడికి వెళ్లొస్తూ అటు తీసుకెళ్లు. పైడితల్లమ్మ గుడి అక్కడే కదా. పరిచయాలేం చేయకు, ఇద్దరూ ఆడుకుంటుంటే ఆవిడ చూస్తే చాలు.

చివరిగా ఆ రెండు సబ్జెక్టులు. వాటిని తాత ఖాతాలో వేశావు, అది నాకు నచ్చలేదు. మీ నాన్న చేతిలో ఉన్న గట్టి వాదన అదే, దాన్ని అందించింది నువ్వే. సప్లిమెంటరీ ఫీజు కట్టే తేదీ కనుక్కో. పెద్దాసుపత్రికి వెళ్లడం మాత్రం పరీక్షలయ్యాక అని వాయిదా వేయకు. ఆయన మాట్లాడిన రోజునే అడుగు.