‘బీ’ గ్రేడ్ అంటే మా పాపకు ఏం రానట్టు?

ప్రశ్న: మా పాప నాలుగో తరగతి. ఎస్‌ఏ-1 (మొదటి సమ్మేటివ్ పరీక్ష) ప్రోగ్రెస్ కార్డులో తెలుగుకి ‘ఏ ప్లస్’, లెక్కలకి ‘బీ’ వచ్చాయి. కింద ‘ఇంకా శ్రద్ధ పెట్టాలి’ అని రాశారు. మావారేమో ట్యూషన్ పెట్టిద్దాం, వచ్చే ఏడాది ఐఐటీ ఫౌండేషన్ ఉన్న స్కూల్లో వేద్దాం అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, వరంగల్

జవాబు: ట్యూషన్, స్కూలు మార్పు ప్రస్తుతానికి పక్కన పెట్టండమ్మా. పాపకు ఏది వచ్చు, ఎక్కడ ఆగిపోతోంది, దానికి బడిలో ఏం చేస్తున్నారు, ఇంట్లో మీరేం చేయాలి – చిన్న తరగతుల కార్డు చెప్పాల్సింది ఇదీ. మీ చేతిలో ఉన్న కార్డు ఇందులో ఒక్కటీ చెప్పలేదు.

స్కూలుకి వెళ్లి లెక్కల పేపర్ చూపించమనండి. ఇలాగే ఒక పాప పేపర్ నా దగ్గరికి తెచ్చారు. 52లోంచి 17 తీసేస్తే 45 అని వేసింది. తీసివేతలన్నిటికీ వరసగా ఇంటూలే. ఒకట్ల స్థానంలో 2లోంచి 7 పోదు కాబట్టి, తిప్పేసి 7లోంచి 2 తీసేసింది. కూడికలు, ఎక్కాలు అన్నీ వచ్చు. పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం ఒక్కటే రాదు. ఐదు పది రూపాయల నోట్లు, రెండు రూపాయి బిళ్లలు చేతిలో పెట్టి ‘పదిహేడు రూపాయలు ఇవ్వమ్మా’ అంటే, నోటు మార్చకుండా ఇవ్వలేదు కదా! వాళ్లమ్మ ఇంట్లో రోజూ ఈ ఆట ఆడించింది, తీసివేతలు వచ్చేశాయి. ‘అప్పు తెచ్చుకునే తీసివేతలు రావడం లేదు’ అని కార్డులో ఒక్క ముక్క రాసి ఉంటే ఆ తల్లి నా దాకా రావాల్సిన పనే లేదు.

తెలుగులో ‘ఏ ప్లస్’ వచ్చిందని అది వదిలేయకండి. ప్రశ్న జవాబులు బట్టీ పట్టినా ఆ గ్రేడ్ వస్తుంది. పాఠ్యపుస్తకంలో లేని కథ ఒకటి చదివించండి. ఒత్తుల దగ్గర తడబడుతోందా, చదివింది సొంత మాటల్లో చెబుతోందా, మీకే తెలిసిపోతుంది.

ఇవన్నీ అడగడానికి మొహమాటపడకండి. పిల్లల అవగాహనను నిరంతరం, సమగ్రంగా మూల్యాంకనం చేయాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లోనే ఉంది. 2020 జాతీయ విద్యావిధానమైతే టీచర్ అంచనాతో పాటు పిల్లలు తమ గురించి తాము చెప్పుకునేది కూడా కార్డులో ఉండాలంది. మీది స్టేట్ సిలబస్ అయితే, ఎఫ్‌ఏలో (చదువు సాగుతుండగానే వేసే ఫార్మేటివ్ అంచనాలో) పాప తరగతిలో పాల్గొనే తీరు, రాత పని, ప్రాజెక్టు, స్లిప్ టెస్ట్‌లకు విడివిడిగా మార్కులు వేస్తారు. అవి చూపించమనండి. ర్యాంకు మాత్రం అడగొద్దు. బడి వదిలాక, టీచర్‌కి కాస్త తీరిక ఉన్నప్పుడు వెళ్తే ఓపిగ్గా చెబుతారు.

నాలుగో తరగతి పాపకు ఐఐటీ ఫౌండేషన్ అవసరం లేదని నేను గట్టిగా చెబుతాను. స్కూలుకి వెళ్లేటప్పుడు మీవారిని కూడా తీసుకెళ్లండి. ఆ పేపర్ ఆయనా చూడాలి.