క్వాడ్ లేదు, ట్రిపుల్ ఆక్సెల్ లేదు, మరి సకామొతో కవోరి మూడుసార్లు ఎలా గెలిచింది?

మీరు అడిగింది ఇదీ: ఫిగర్ స్కేటింగ్‌లో క్వాడ్ (గాల్లో నాలుగు చుట్లు), ట్రిపుల్ ఆక్సెల్ (మూడున్నర చుట్లు) లాంటి కష్టమైన జంపులేవీ లేకుండానే జపాన్ అమ్మాయి సకామొతో కవోరి 2022, 2023, 2024 వరుసగా మూడేళ్ళు వరల్డ్ ఛాంపియన్ ఎలా అయ్యింది, ట్రిపుల్ ఆక్సెల్ వేసే అమ్మాయిలు ఆమె వెనక ఎందుకుంటున్నారు, ఇది జడ్జీల ఫేవరిటిజం కాదా అని. ఫేవరిటిజం సంగతి తర్వాత చెప్తా, అసలు లేదని మాత్రం అనను. కానీ ముందు లెక్క చూడండి, ఎందుకంటే ఈ ఆటలో టోటల్ చూసి తిట్టేవాళ్ళే ఎక్కువ, స్కోరు షీట్ తెరిచి చూసేవాళ్ళు చాలా తక్కువ.

నా గురించి రెండు ముక్కలు. మాది తెనాలి, ఐస్ అంటే చెరుకు రసంలో వేసేదే తెలుసు నాకు. ఈయన ఉద్యోగం వల్ల జపాన్‌లో నగోయా వచ్చాం, ఇక్కడ ఓసు అని గుడి పక్కన షాపింగ్ వీధులుంటాయి, ఆ దగ్గర్లోనే పాత స్కేట్ రింక్ ఒకటుంది, మా పాపని ఊరికే సరదాకి తీసుకెళ్తే అది ఇంక బయటికి రానంది, అలా ఇరుక్కుపోయాం. తర్వాత తెలిసింది ఏంటంటే జపాన్‌లో బాగా పేరున్న స్కేటర్లు ఇతో మిదొరి, అసాదా మావో ఇద్దరూ ఆ రింక్‌లో ప్రాక్టీస్ చేసి పైకొచ్చినవాళ్ళేనట. ఇక్కడ పిల్లలకి బ్యాడ్జ్ టెస్టులుంటాయి, మొదటి మెట్టు నుంచి 8వ గ్రేడ్ దాకా, సీనియర్ పోటీలకి వెళ్ళాలంటే 7వ గ్రేడ్ పాసవ్వాలి, మా పాప ఇంకా కిందే ఉంది లెండి. రింక్ పక్కన కూర్చునే అమ్మలు ఏం చేస్తారంటే పిల్ల జంప్ వేయగానే ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి, బ్లేడ్ ఐస్‌ని తాకిన ఫ్రేమ్ దగ్గర ఆపి, పాదం ఎటు తిరిగి ఉందో చూస్తారు. దిగిందా పడిందా అన్నది వాళ్ళకి రెండో ప్రశ్న. వాళ్ళ పక్కన కూర్చుని కూర్చునే నాకీ స్కోరింగ్ పిచ్చి పట్టింది.

ముందు ఒక విషయం, స్కోరు ఇచ్చేది ఒక గుంపు కాదు, రెండు. ఒకటి టెక్నికల్ ప్యానెల్, అందులో టెక్నికల్ స్పెషలిస్ట్, అసిస్టెంట్ స్పెషలిస్ట్, వాళ్ళ మీద కంట్రోలర్. వీళ్ళు మన క్రికెట్‌లో థర్డ్ అంపైర్ లాంటోళ్ళు, రీప్లే చూసి అది ఏ జంప్, గాల్లో పూర్తిగా తిరిగిందా లేదా, బ్లేడ్ ఏ అంచు మీద నుంచి లేచింది, స్పిన్‌కి ఏ లెవెల్, ఇంతవరకే తేలుస్తారు, మార్కులెయ్యరు. రెండోది జడ్జీల ప్యానెల్, పెద్ద పోటీల్లో 9 మంది. వీళ్ళు ప్రతి ఎలిమెంట్, అంటే ఒక్కో జంప్, ఒక్కో స్పిన్ లాంటివి, ఎంత బాగా చేసిందో -5 నుంచి +5 దాకా నొక్కుతారు, ఆఖర్న ప్రోగ్రాం మొత్తానికి మూడు కాంపోనెంట్లకి పదికి మార్కులిస్తారు. అందరికన్నా ఎక్కువిచ్చిన ఒకటి, తక్కువిచ్చిన ఒకటి తీసేసి మిగిలిన 7 మంది సగటు తీస్తారు.

ఇప్పుడు మీరడిగిన లెక్క. ట్రిపుల్ ఆక్సెల్ బేస్ వాల్యూ, అంటే ఆ జంప్‌కి ముందే రాసిపెట్టిన మార్కు, 8.0, రెండున్నర చుట్ల డబుల్ ఆక్సెల్‌ది 3.3, అంటే సగం కూడా లేదు. 2018లో వచ్చిన మార్పు ప్రకారం జడ్జీ ఇచ్చే ఒక్కో ప్లస్సుకీ మైనస్‌కీ ఆ జంప్ బేస్‌లో 10 శాతం పెరుగుతుంది లేదా తగ్గుతుంది. ఒకమ్మాయి ట్రిపుల్ ఆక్సెల్ పూర్తిగా తిరిగి, దిగేటప్పుడు పడిపోయిందనుకోండి. జడ్జీలంతా -5 వేస్తారు, 8.0లో 4.0 పోయింది, పడినందుకు విడిగా ఇంకో 1 కోత, మిగిలింది 3.0. గాల్లో తిరగడం కూడా పావు చుట్టుకి మించి తక్కువైతే బేస్‌లో 80 శాతమే ఇస్తారు, 6.4, అందులో సగం పోతే 3.2, కోత పోను 2.2. ఇప్పుడు సకామొతో డబుల్ ఆక్సెల్ చూడండి, చాలా ప్రోగ్రాములు ఆమె దాంతోనే మొదలుపెట్టేది, ఆ పరుగు ఆపకుండా అలా ఎగిరి ఎక్కడో దిగేది, జడ్జీలు సగటున +4 వేశారనుకుంటే 3.3కి 1.32 కలిపి 4.62. అంటే పడిపోయిన ట్రిపుల్ కన్నా బాగా వేసిన డబులే ఎక్కువ. అదే ట్రిపుల్ శుభ్రంగా దిగి +2 వచ్చిందంటే 9.6, అప్పుడు సకామొతో ఆ ఒక్క చోట దాదాపు 5 పాయింట్లు వెనకబడ్డట్టే. రిస్క్ అంటే ఇదే మరి, కష్టమైన జంప్‌కి ప్రైజ్ లేదనడం తప్పు, దిగితేనే ఉంది.

ఈ పావు చుట్టు దగ్గరే అసలు గొడవలన్నీ. సరిగ్గా పావు చుట్టు తక్కువైతే క్యూ గుర్తు పెడతారు, బేస్ తగ్గదు కానీ జడ్జీలు ప్లస్సులు తగ్గించాలి. పావు దాటితే పైన చెప్పిన 80 శాతం. సగం చుట్టు తక్కువైతే ఒక మెట్టు కిందికి దించేస్తారు, 5.9 ఉండాల్సిన ట్రిపుల్ లుట్జ్ అనే జంప్ కాస్తా 2.1 డబుల్ లుట్జ్ అయిపోతుంది. టీవీలో మనకి చక్కగా దిగినట్టే కనపడుతుంది, జనం చప్పట్లు కొడతారు, కాసేపయ్యాక స్కోరు తగ్గిపోతుంది, ఇంటర్నెట్‌లో అన్యాయం అని కేకలు మొదలు. లైవ్‌లో ఒక మూల నడుస్తుండే స్కోరు ఫైనల్ కాదండీ, రివ్యూ అయ్యేదాకా మారుతూనే ఉంటుంది.

అంచు గొడవ ఇంకోటి. లుట్జ్ బ్లేడ్ బయటి అంచు మీద నుంచి లేవాలి, ఫ్లిప్ అనే ఇంకో జంప్ లోపలి అంచు మీద నుంచి. ఈ పేర్లు ఐస్‌కే కాదు, చక్రాల స్కేటింగ్‌లోనూ ఇవే జంపులు, మన హైదరాబాద్ అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్‌లోనే మెడల్స్ తెచ్చాడు, చాలామందికి గుర్తుండి ఉండదు. సరే, సకామొతోకి కూడా లుట్జ్‌లో అంచు తప్పని గుర్తులు పడ్డాయి, అదీ ఛాంపియన్ అయ్యాక కూడా. టెక్నికల్ ప్యానెల్ ఆమెని కళ్ళు మూసుకుని వదిలేస్తుంది అనేవాళ్ళు ఆ షీట్లు ఒకసారి చూడాలి.

కాంపోనెంట్ల దగ్గరికొస్తే, నా లెక్కలో మీ ప్రశ్నకి అసలు జవాబు ఇక్కడే ఉంది. ఇదివరకు ఐదుండేవి, 2022-23 సీజన్ నుంచి మూడే, కాంపోజిషన్ (ప్రోగ్రాం అల్లిక), ప్రెజెంటేషన్ (ప్రదర్శించే తీరు), స్కేటింగ్ స్కిల్స్ (జారే నైపుణ్యం). పోటీలో రెండు ప్రోగ్రాములుంటాయి, ముందు చిన్నదైన షార్ట్, తర్వాత పెద్దదైన ఫ్రీ స్కేట్, రెండూ కలిపితేనే టోటల్. అమ్మాయిల ఫ్రీ స్కేట్‌లో ఒక్కో కాంపోనెంట్‌నీ 2.67తో గుణిస్తారు, షార్ట్‌లో 1.33తో. ఒకమ్మాయికి మూడింట్లో 9.25 చొప్పున, ఇంకో అమ్మాయికి 8.25 చొప్పున వచ్చాయనుకోండి. పదికి ఒక్క మార్కు తేడా, చూడ్డానికి ఏముంది అనిపిస్తుంది. మూడింటి మీద ఫ్రీలో అది 8.01 పాయింట్లు. ట్రిపుల్ ఆక్సెల్ బేస్ ఎంతన్నాను, 8.0. ఆ జంప్ లేని లోటు అక్కడ పూడిపోతుంది, అదీ పడతానేమోనన్న భయం లేకుండా.

మరి సకామొతోకి ఆ ఒక్క మార్కు ఎక్కువ ఎందుకిచ్చారు అంటే, స్పీడు. ఇది టీవీలో చూసేవాళ్ళకి తెలియదు, ఎందుకంటే కెమెరా స్కేటర్‌తో పాటే తిరుగుతుంది కాబట్టి అందరూ ఒకే స్పీడులో ఉన్నట్టు కనిపిస్తారు. రింక్‌లో కూర్చుని చూస్తే వేరే ఆట. నాలుగు తోపులకే సకామొతో ఇటు గోడ నుంచి అటు గోడకి వచ్చేసేది, జంప్ ముందు ఆగి రెడీ అవ్వడం ఉండేది కాదు, దిగాక కూడా అదే స్పీడు. చాలామంది అమ్మాయిలు పెద్ద జంప్ ముందు ఐస్ మీద సగం దూరం కదలకుండా వంగి కాచుకుని ఉంటారు, అది కాంపోజిషన్‌లో మార్కులు తినేస్తుంది.

2023 వరల్డ్స్ సైతామాలో జరిగితే పై వరుసల్లో టికెట్ దొరికింది, కింద ఉన్నవి మనం కొనే రేటు కాదు. ఆ రోజు ఫ్రీలో సకామొతో ట్రిపుల్ ఫ్లిప్, దాని వెంటనే ట్రిపుల్ టో లూప్ అనే ఇంకో జంప్ కలిపి వేసే కాంబినేషన్‌లో ఫ్లిప్ గాల్లో విప్పుకుపోయి సింగిల్ అయ్యింది. 5.3 రావాల్సిన చోట 0.5. హాలంతా ఒక్కసారి అయ్యో అంది. విచిత్రం ఏంటంటే ఆ సింగిల్ వెనకాలే ట్రిపుల్ టో లూప్ తగిలించేసింది, లేకపోతే దాని 4.2 కూడా పోయేది. ఆ రోజు ఫ్రీలో కొరియా అమ్మాయి లీ హేయిన్‌దే పై చేయి, 147.32, సకామొతోకి 145.37. కానీ షార్ట్‌లో సకామొతోకి 79.24, లీకి 73.62, మొత్తం మీద 224.61కి 220.94, గెలిచేసింది. మరుసటేడు మాంట్రియల్‌లో దీనికి రివర్స్, షార్ట్ తర్వాత నాలుగో ప్లేస్‌లో ఉండి ఫ్రీలో పైకొచ్చింది.

జపాన్ వాళ్ళకి ఈ స్కోరింగ్ ఎప్పుడూ కలిసొచ్చిందని అనుకోకండి. అసాదా మావో 2010 వాంకూవర్‌లో షార్ట్‌లో ఒకటి, ఫ్రీలో రెండు, మొత్తం మూడు ట్రిపుల్ ఆక్సెల్స్ దించింది, అప్పటిదాకా ఏ ఆడపిల్లా ఒకే పోటీలో అన్ని వెయ్యలేదు. అయినా కొరియా అమ్మాయి కిమ్ యునాకి 228.56, మావోకి 205.50. మావో ఫ్యాన్స్ ఇప్పటికీ ఆ 23 పాయింట్ల మీద పోట్లాడుకుంటారు, నా వరకైతే గోల్డ్ కిమ్‌దే, తేడా మాత్రం అంత ఉండక్కర్లేదు. 2014 సోచిలో ఆ మావోనే షార్ట్‌లో 55.51తో పదహారో ప్లేస్‌కి పడిపోయి, మర్నాడు ఫ్రీలో 142.71 తెచ్చుకుని ఆరో ప్లేస్‌తో ముగించింది. ఫ్రీ వరకే లెక్కేస్తే మూడోది. ఆ ఫ్రీ గురించి ఓసు అమ్మల్ని కదిపితే ఇంక ఆ పూట ఇంట్లో వంట ఉండదు. ఇంకా వెనక్కెళ్తే 2006 తురిన్‌లో గోల్డ్ కొట్టిన అరకావా షిజుకా, వెనక్కి బాగా వంగి జారే ఇనా బవర్ అప్పట్లో పాయింట్లు తెచ్చే ఎలిమెంట్ కాదు, తెలిసే పెట్టుకుంది. ఇప్పుడు అలాంటివి కొరియో సీక్వెన్స్‌లో, అంటే అందం కోసం చేసే కదలికల వరుసలో పెట్టుకోవచ్చు, దానికి 3.0 బేస్ ఉంది.

ఇంక ఫేవరిటిజం. ఈ సిస్టమే ఒక కుంభకోణం లోంచి పుట్టింది, 2002 సాల్ట్ లేక్ ఒలింపిక్స్‌లో పెయిర్స్ (జంటల) పోటీలో ఫ్రెంచ్ జడ్జి మీద ఒత్తిడి వచ్చిందన్న గొడవ తర్వాతే ఆరుకి మార్కులేసే పాత 6.0 పద్ధతి తీసేశారు. తీసేసి ఏం చేశారంటే ఏ జడ్జి ఎంతిచ్చాడో కనపడకుండా పేర్లు దాచారు, అది ఇంకా దరిద్రం, 2016లో గానీ ఆ దాపరికం పోలేదు. ఇప్పుడు పేర్లతో సహా షీట్ మీద ఉంటుంది, సొంత దేశం అమ్మాయికి ఎవరు ఎంత ఎక్కువేశారో మీరే చూసుకోవచ్చు. నాకు కనపడే పక్షపాతం దేశం కన్నా పేరుది. పేరున్న అమ్మాయి తప్పు చేసినా కాంపోనెంట్లు పెద్దగా తగ్గవు, కొత్తమ్మాయి ఎంత బాగా చేసినా మొదటి సీజన్‌లో ఎనిమిది దాటడానికి కిందామీదా పడుతుంది. సకామొతోకి ఆ లాభం లేదని నేను చెప్పను. దేశాల్లో జరిగే నేషనల్స్ స్కోర్లయితే అసలు పోల్చకండి, జపాన్ నేషనల్స్‌తో సహా, వాటిని ఇంటర్నేషనల్ స్కేటింగ్ యూనియన్ రికార్డుల్లో లెక్కెయ్యదు.

ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. 2022 మార్చిలో రష్యా వాళ్ళని పోటీల నుంచి ఆపేశారు, సకామొతో గెలిచిన ఆ మూడు వరల్డ్స్‌లోనూ వాళ్ళు లేరు. అంతకు నెల ముందు బీజింగ్ ఒలింపిక్స్‌లో సకామొతోకి 233.13తో బ్రాంజ్, క్వాడ్లు వేసిన రష్యా అమ్మాయిలు షెర్బకోవాకి 255.95తో గోల్డ్, ట్రూసోవాకి 251.73తో సిల్వర్. క్వాడ్లు దిగితే సకామొతో అందుకోలేదని ఆ షీటే చెప్తోంది. ట్రూసోవా అయితే ఫ్రీలో 5 క్వాడ్లు వేసి 177.13తో అందరికన్నా పైనుంది, కానీ షార్ట్‌లో ట్రిపుల్ ఆక్సెల్ పడిపోయింది, అమ్మాయిల షార్ట్‌లో క్వాడ్ వెయ్యనివ్వరు, అక్కడ పోయింది మళ్ళీ రాలేదు.

ఇప్పుడు జపాన్ నుంచి రెండూ ఉన్న అమ్మాయి కావాలంటే షిమాదా మావోని చూడండి, ట్రిపుల్ ఆక్సెల్ ఉంది, క్వాడ్ టో లూప్ ఉంది, 2023, 2024, 2025 మూడేళ్ళూ వరల్డ్ జూనియర్ ఛాంపియన్. పేరు కూడా అసాదా మావోని చూసి పెట్టుకున్నదే. పెద్ద మావో 87 రోజులు చిన్నదై 2006 ఒలింపిక్స్‌కి వెళ్ళలేకపోయింది, చిన్న మావో పుట్టింది 2008 అక్టోబర్ 30న, సీనియర్ వయసు 17కి పెంచిన రూల్ వల్ల 2026కి అర్హత లేకుండా పోయింది. ఆమె షీట్లు దొరికితే బేస్ వాల్యూ కాలమ్ ఒక్కటీ చూసి వదిలెయ్యకుండా పక్కనే ఉన్న 9 మంది అంకెలు కూడా చూడండి, క్వాడ్ దగ్గర జడ్జీలు ఎంత వేశారో, డబుల్ ఆక్సెల్ దగ్గర ఎంత వేశారో.