"ఎండలు అప్పుడూ ఉన్నాయి" అనే మా నాన్నతో పదేళ్ళ పంచాయితీ

వాతావరణ మార్పు గురించి ఎత్తితే చాలు, ఇంట్లో పెద్దవాళ్ళు "మా కాలంలో ఇంతకన్నా పెద్ద ఎండలు చూశాం, ఇదంతా టీవీవాళ్ళ హడావిడి" అని కొట్టిపారేస్తున్నారనీ, వాళ్ళకి ఏం చెప్పాలో తెలియట్లేదనీ మీరు రాశారు. చదవగానే నవ్వొచ్చింది. మా ఇంట్లో ఆ పెద్దాయన మా నాన్న. మాది నల్గొండ వైపు పల్లెటూరు. ఆయన కాలేజీ సీటు కోసం పట్నం, అంటే హైదరాబాద్ వచ్చింది 1966 ఎండాకాలంలో. అప్పటికి పదహారేళ్ళు. ఇప్పటికీ ఏ మే నెలలో ఎవరు ఎండ గురించి మాట్లాడినా ఒకటే మాట: "అరవై ఆరుల ఎండ చూసుంటే నువ్వు గీ మాట అనవురా."

చాలా ఏళ్ళు ఆయన్ని తప్పని నిరూపించడానికే తంటాలు పడ్డాను. ఫోన్లో గ్రాఫులు చూపించాను, వీడియోలు పంపాను. చూసేవారు కాదు. ఒకరోజు విసుగొచ్చి, అసలు ఆ సంవత్సరం ఏం జరిగిందో చూద్దామని వెతికాను. హైదరాబాద్‌లో వాతావరణ శాఖ నమోదు చేసిన అత్యధిక ఉష్ణోగ్రత 45.5 డిగ్రీలు. తేదీ 1966 జూన్ 2. ఆ రికార్డు ఇంకా బద్దలు కాలేదు.

అంటే ఆయన చెప్పింది అక్షరాలా నిజం. నాకు తల కొట్టేసినట్టయింది. పిచ్చి ఎండలో బస్సు దిగి, మేనమామ ఇల్లు వెతుక్కుంటూ నడిచిన కుర్రాడికి ఆ రోజు గుర్తుండక ఏమవుతుంది? కాబట్టి మీకు నేను ముందు చెప్పేది ఇదే: పెద్దవాళ్ళు అబద్ధం ఆడట్లేదు. వాళ్ళకి గుర్తున్నది పగలు. రాత్రులు కూడా మారాయన్నది వాళ్ళ లెక్కలోకి రాదు.

ఈ సంగతి నాకు పుస్తకంలో చదివితే తెలియలేదు, 2015 మే నెలలో తెలిసింది. ఆ ఏడు వడగాడ్పులకి దేశంలో 2,000 మందికి పైగా చనిపోయారు, అందులో ఎక్కువమంది మన రెండు రాష్ట్రాలవాళ్ళే. మా బాబాయి కొద్దిలో తప్పించుకున్నాడు. విచిత్రం ఏంటంటే ఆయన ఎండలోకి పోనే లేదు. పొద్దున పదికల్లా చేను నుంచి వచ్చేసి, సాయంత్రం దాకా వేపచెట్టు కింద మంచమేసుకుని, చెంబులకొద్దీ మజ్జిగ తాగుతూ జాగ్రత్తగానే ఉన్నాడు. దొంగల భయం అని రాత్రి మాత్రం తలుపేసుకుని రేకుల ఇంట్లో పడుకునేవాడు. ఫ్యాను తిప్పేదంతా వేడిగాలే. మూడో రాత్రి రెండింటికి ఏదేదో మాట్లాడటం మొదలుపెట్టాడు. పిన్ని పేరు పిలిస్తే పలకలేదు. ఒళ్ళు పట్టుకుంటే కాలిపోతోంది, చెమట మాత్రం లేదు. తడిగుడ్డలు చుట్టి ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళారు. వారం తర్వాత ఇంటికొచ్చాడు గానీ, మునుపటి మనిషి కావడానికి ఏడాది పట్టింది.

అక్కడి డాక్టరు అన్న మాట నాకు బాగా గుర్తు. పగలు పడ్డ దెబ్బని ఒళ్ళు రాత్రి సరిచేసుకుంటుంది, ఈయనకి మూడు రాత్రులు ఆ వీలు దొరకలేదు అన్నాడు. వడదెబ్బ అంటే ఎండ నెత్తికి తగిలితేనే అనుకునేవాడిని అప్పటిదాకా.

ఇక సైన్సు. మా నాన్నకి నేను చెప్పిన పద్ధతిలోనే చెప్తాను. చలికాలంలో మబ్బు పట్టిన రాత్రి చలి తక్కువ ఉంటుంది, ఆకాశం నిర్మలంగా ఉంటే వణికిస్తుంది. ఇది మన ఊళ్ళలో అందరికీ తెలిసిందే. కారణం సులువు. పగలంతా కాగిన నేల రాత్రి ఆ వేడిని కంటికి కనపడని పరారుణ కిరణాల రూపంలో పైకి వదులుతుంది. మబ్బుంటే కొంత వేడిని పట్టుకుని మళ్ళీ కిందికి పంపుతుంది. గాల్లో ఉండే నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ కూడా అదే పని చేస్తాయి, కాకపోతే కనపడవు. పరిశ్రమలు రాకముందు గాల్లో ప్రతి పది లక్షల కణాల్లో కార్బన్ డయాక్సైడ్ సుమారు 280 ఉండేది. 1958లో చార్లెస్ కీలింగ్ అనే శాస్త్రవేత్త హవాయిలోని మౌనా లోవా కొండ మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు 315 దగ్గర ఉంది. ఇప్పుడు 420 దాటింది. నిర్మలంగా కనిపించే రాత్రి కూడా ఇప్పుడు ఒక పల్చటి మబ్బు కప్పుకున్న రాత్రే అన్నమాట.

ఇదేమీ నిన్నా మొన్నా పుట్టిన సంగతి కూడా కాదు. 1856లోనే యూనిస్ ఫుట్ అనే అమెరికన్ ఆవిడ గాజు గొట్టాల్లో రకరకాల వాయువులు నింపి ఎండలో పెట్టింది. కార్బన్ డయాక్సైడ్ ఉన్న గొట్టం అన్నిటికన్నా ఎక్కువ వేడెక్కిందని రాసింది. 1896లో స్వీడన్‌కి చెందిన అరీనియస్ అనే శాస్త్రవేత్త కాగితం మీద లెక్కలు కట్టి, ఈ వాయువు పెరిగితే పగళ్ళకన్నా రాత్రులు ఎక్కువ వేడెక్కుతాయని చెప్పాడు. అంటే మన సిపాయిల తిరుగుబాటుకి ఏడాది ముందు మొదలైన కథ ఇది. మా నాన్న హిస్టరీ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. గ్రాఫులకి కరగని మనిషి ఈ తేదీకి కాస్త మెత్తబడ్డారు.

మన దేశం లెక్క చూడండి. 1901 నుంచి ఉన్న రికార్డుల్లో 2024 అత్యంత వేడి సంవత్సరమని మన వాతావరణ శాఖ ప్రకటించింది. ఆ ఏడాది దేశవ్యాప్తంగా పగటి గరిష్ఠ ఉష్ణోగ్రతల సగటు మామూలు కన్నా 0.20 డిగ్రీలే ఎక్కువ. రాత్రి కనిష్ఠాల సగటు మాత్రం 0.90 డిగ్రీలు ఎక్కువ. పేపర్లో రెండూ ఒకే వార్తలో వచ్చాయి. హెడ్డింగులో ఎండ బొమ్మే వేశారు!

మరి 1966 రికార్డు ఎందుకు నిలిచింది? ఒక స్టేషన్లో ఒక్క రోజు రికార్డు అనేది లాటరీ లాంటిది. ఆ రోజు గాలి ఎటు వీచింది, నేలలో తడి ఎంత ఉంది అన్నవన్నీ కలిసిరావాలి. ఇంకోటి, మన దేశం మీద ఉండే పొగ, ధూళి కొంత ఎండని అడ్డుకుంటుంది. బోర్లు, కాలువల కింద సాగయ్యే తడి నేలలూ పగటి వేడిని కొంత తగ్గిస్తాయి. కొంతవరకు అందుకే 1901 నుంచి 2018 దాకా మన దేశం సగటున 0.7 డిగ్రీలే వేడెక్కింది, ప్రపంచ సగటు కన్నా తక్కువ. పొగ మనకి గొడుగు పట్టిందని సంబరపడాలో, అదే పొగ ఊపిరితిత్తుల్లోకి పోతోందని ఏడవాలో!

నాన్నతో పాటు వాకింగ్‌కి వచ్చే ఒక పెద్దాయన "సూర్యుడే వేడెక్కుతున్నాడేమో కదా" అన్నారు. తెలివైన ప్రశ్నే. సూర్యుడి నుంచి వచ్చే శక్తిని 1978 నుంచి ఉపగ్రహాలు కొలుస్తున్నాయి. సుమారు 11 ఏళ్ళకోసారి కొద్దిగా పెరిగి తగ్గడమే తప్ప మొత్తం మీద పెరుగుదల లేదు. పైగా సూర్యుడే కారణమైతే వాతావరణంలో పై పొర కూడా వేడెక్కాలి. అక్కడ స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. కింద వేడెక్కి పైన చల్లబడటం కార్బన్ డయాక్సైడ్ వేలిముద్ర. సుకురో మనాబే అనే శాస్త్రవేత్త 1967లోనే ఇలా జరుగుతుందని లెక్కగట్టాడు, 2021లో ఆయనకి నోబెల్ వచ్చింది.

ఒక విషయంలో మాత్రం నిజాయితీగా ఉండాలి. హైదరాబాద్‌లో రాత్రుళ్ళు ఉక్కపోయడానికి కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే కారణం కాదు. పగలంతా కాగిన సిమెంటు, తారు రోడ్డు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటాయి. ఏసీలు లోపలి వేడిని తెచ్చి వీధిలో పోస్తాయి. నేను ఆన్‌లైన్లో గరిష్ఠం, కనిష్ఠం రెండూ చూపించే చవక థర్మామీటర్లు రెండు కొని, ఒకటి ఇక్కడ బాల్కనీ నీడలో, ఇంకోటి ఊళ్ళో బాబాయి ఇంటి వసారాలో పెట్టాను. తెల్లవారుజామున ఊరు మా బాల్కనీ కన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉంటుంది. ఆ తేడా మనం కట్టుకున్న నగరానిది. ఇది చూపించి "అంతా సిటీ వల్లే, క్లైమేట్ చేంజ్ ఏం లేదు" అనేవాళ్ళూ ఉన్నారు. మరి సముద్రం మీద అపార్ట్‌మెంట్లు లేవు కదా? హిందూ మహాసముద్రపు ఉష్ణమండల భాగంలో ఉపరితల నీరు 1951 నుంచి 2015 లోపు సగటున 1 డిగ్రీ వేడెక్కింది.

ఇంకో మెలిక ఉంది, ఇది తెలియక చాలామంది బోల్తా పడతారు. "ఈరోజు సాధారణం కన్నా 1 డిగ్రీ ఎక్కువ" అని చదివి నాన్న "చూశావా, ఒక్క డిగ్రీయే" అనేవారు. ఆ సాధారణం అంటే ఏంటి? ముప్పై ఏళ్ళ సగటు. ఇప్పుడు వాడుతున్నది 1991 నుంచి 2020 దాకా లెక్కగట్టింది. అంటే ఇప్పటికే వేడెక్కిన కాలంతో పోల్చి ఒక డిగ్రీ ఎక్కువ అంటున్నారు. పిల్లాడి ఎత్తు కొలవడానికి గోడ మీద పెట్టిన గీతని ఏటా పైకి జరుపుతూ పోతే పిల్లాడు ఎదగనట్టే కనిపిస్తాడు.

ఊళ్ళో దీన్ని అందరికన్నా ముందు పట్టుకున్నది బాబాయి కొడుకు, మా తమ్ముడు. వాడికి వాతావరణ మార్పు అనే మాటే పెద్దగా పట్టదు. వాడి గొడవ యాసంగి (రబీ) వరి. పొట్ట మీద, ఈనిక మీద ఉన్నప్పుడు రాత్రుళ్ళు వేడిగా ఉంటే తాలు (గింజ లేని పొల్లు) ఎక్కువవుతోందని, మిల్లుకి పోతే నూకలే వస్తున్నాయని వాడి మొర. యాసంగి వడ్లు పచ్చిబియ్యంగా ఆడిస్తే నూకవుతాయనేది మిల్లర్లు ఎప్పటినుంచో చెప్పేదే. అందుకే వడ్లని ఉడికించి ఆడించే బాయిల్డ్ రైస్ కొనాలా వద్దా అని 2021, 2022ల్లో కేంద్రానికీ రాష్ట్రానికీ మధ్య ఎంత రచ్చ జరిగిందో గుర్తుందిగా, దాని వెనకున్నది ఈ వేడే. రాత్రి సంగతికొస్తే, మొక్క పగలు వండుకున్న తిండిని రాత్రి ఊపిరి పీల్చుకోవడానికి కొంత ఖర్చు చేస్తుంది. రాత్రి వేడెక్కితే ఆ ఖర్చు పెరుగుతుంది, గింజకి పోవాల్సింది తగ్గుతుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల్లో దీన్ని కొలిచి 2004లో ప్రచురించారు. ఎండాకాలపు పంటలో కనిష్ఠ ఉష్ణోగ్రత 1 డిగ్రీ పెరిగితే దిగుబడి 10 శాతం తగ్గింది. అక్కడి లెక్క మన మిర్యాలగూడ పొలానికి అచ్చంగా సరిపోవాలని లేదు. కానీ మా తమ్ముడు ఆ మాట విని "మరి గింత ఎరుక ఉండి ముందు చెప్పరేందే అన్నా" అని నా మీదే ఎగిరాడు.

ఇక మనవాళ్ళలో ఉన్న అపోహలు. మొదటిది ఓజోన్ పొరకి చిల్లు పడి ఎండ పెరిగిందనడం. నేనూ స్కూల్లో రెండూ ఒకే పాఠంలో చదివి అలాగే కలిపేసుకున్నాను. ఓజోన్ తగ్గితే వచ్చేది అతినీలలోహిత కిరణాల ప్రమాదం, దానికి 1987 మాంట్రియల్ ఒప్పందంతో మందు పడింది, ఆ పొర మెల్లగా కోలుకుంటోంది కూడా. రెండోది చెట్లు కొట్టేయడం వల్లే అనడం. కొంత నిజమే, కానీ పెద్ద వాటా బొగ్గు, పెట్రోలు, గ్యాసులది. మనకి సింగరేణి ఉంది, రామగుండం ఉంది, ఇంట్లో స్విచ్ వేస్తే వచ్చేది చాలావరకు బొగ్గు కరెంటే. అయితే ఇక్కడ నాన్న అడిగేది న్యాయమే: "అమెరికావోళ్ళు కాల్చిందానికి మీ బాబాయి ఎందుకు పడాలె?" తలకింత అని లెక్కేస్తే మన దేశం వదిలే కార్బన్ డయాక్సైడ్ ప్రపంచ సగటులో సగం కూడా ఉండదు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకున్నాను.

మూడోది వాట్సాప్‌లో ఏటా వచ్చే "భూమి సూర్యుడికి దూరంగా పోతోంది, చలి పెరుగుతుంది, జాగ్రత్త" అనే మెసేజ్. భూమి ఏటా జులై మొదట్లో సూర్యుడికి అన్నిటికన్నా ఎక్కువ దూరం పోతుంది, జనవరి మొదట్లో బాగా దగ్గరికి వస్తుంది. ఇది ఏటా జరిగేదే, కొత్తేమీ కాదు. దాన్ని ఫార్వర్డ్ చేసిన మా మేనత్తకి ఈ విషయం చెప్తే రెండు వారాలు మాట్లాడలేదు.

నేనూ చేసిన తప్పే కాబట్టి చెప్తున్నా, ప్రతి వానకీ వరదకీ "ఇదిగో క్లైమేట్ చేంజ్" అనకండి. 2024 సెప్టెంబరు మొదట్లో ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు ముంచినప్పుడు నేను అలాగే అన్నాను. నాన్న వెంటనే 1908 మూసీ వరద ఎత్తారు, నా నోరు మూతపడింది. గాలి 1 డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టుకోగలదు, అందువల్ల కురిసే వాన మరింత గట్టిగా కురిసే అవకాశం పెరుగుతుంది. అంతవరకే అనాలి. వాగు ఒడ్డున ఎవరు ఇళ్ళు కట్టారు, గట్టు ఎందుకు తెగింది అనేవి వేరే లెక్కలు.

పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు "మీకు తెలియదు" అని కాకుండా అడగడంతో మొదలుపెట్టి చూడండి. నేను నాన్నని ఒకటే అడిగాను: "అరవై ఆరుల రాత్రి ఎక్కడ పడుకున్నావు?" డాబా మీద నీళ్ళు చల్లి, నులక మంచం మీద పడుకున్నారట. తెల్లారుజామున చల్లబడితే దుప్పటి కప్పుకున్నామని కూడా ఆయనే చెప్పారు. జూన్ 2న, హైదరాబాద్‌లో, అంత ఎండ కాసిన రోజు రాత్రి దుప్పటి! చెప్పి కాసేపు ఆగిపోయారు. నేనేమీ అనలేదు. అరవై ఏళ్ళ నాటి జ్ఞాపకం సాక్ష్యం కాదని నాకూ తెలుసు, అంకెల సంగతి పైన రాశాను.

ఇప్పటికీ ఆయన "అప్పుడు ఎండలు లేవా" అనడం మానలేదు. కాకపోతే మే నెలలో పొద్దున కాఫీ తాగుతూ బాల్కనీలోకి వెళ్ళి, కళ్ళద్దాలు సర్దుకుని ఆ థర్మామీటర్ చూసి, క్యాలెండర్ మీద పాలవాడి లెక్క పక్కన ఒక అంకె రాస్తున్నారు. పగటిది కాదు, రాత్రిది. ఊళ్ళో బాబాయికి ఫోన్ చేసి "మీ దగ్గర ఎంతుంది?" అని కూడా అడుగుతున్నారు. రెండూ కలవకపోతే మాత్రం నేను కొన్న థర్మామీటరే చైనా సరుకని తిడుతున్నారు.